నిలబడే పని

తడ నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె చెప్పు విప్పి, చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద పెట్టి దొర్లిస్తోంది. నాకూ మడమ నొప్పేనని చెప్పాను.

"డాక్టరు ఏమన్నాడక్కా?" అని అడిగింది.

"మాత్రలిచ్చి, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు."

"నాకూ అదే చెప్పినాడు. కంపెనీలో పొద్దస్తమానం నిలబడే పని. స్టూలు అడిగితే, కూర్చోవాలనుకుంటే ఇంటికాడే కూర్చో అన్నాడు సూపర్‌వైజరు."

"మరి ఏం చేశావు?"

"ఏం చేసేది? నిలబడతానే ఉండా."

నాయుడుపేటలో మడమ ఆనించకుండా, మునివేళ్ల మీద మెట్లు దిగి వెళ్లిపోయింది.

నాకు ఆఫీసులో సెలవు దొరికింది. నెలంతా ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నొప్పి పోయింది. తానిచ్చిన మాత్రలు బాగా పనిచేశాయని డాక్టరు సంతోషపడ్డాడు.