బావ కోయమన్న దోసకాయలు

పొద్దున్నే మా ఆయన దోసకాయ కోసి, తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి, ముందు తానే నమిలి చూసేవాడు. చేదు లేకుంటేనే కాయ నా చేతికిచ్చేవాడు. ఆ తరువాతే నేను కత్తిపీట వాల్చేదాన్ని. ఆయన పోయినప్పటి నుంచి ఆ ముక్క నేనే నములుతున్నాను. చేదుగా ఉన్నా ఉమ్మబుద్ధి కాదు.

చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు. ఆయన అన్న చెన్నకేశవ బావ గురించి.

తొండూరులో బావను పెద్ద రైతు అంటారు. ఏం పండించాడో నేనైతే చూడలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పులివెందులకు పోయి, టీ అంగడి ముందర పొద్దుగూకేదాకా కూర్చోవడమే ఆయన సేద్యం. మా పెరట్లోకి వస్తే బురద తన మీదికి ఎగబడుతున్నట్టు పంచె మోకాళ్ళ దాకా ఎత్తుకుంటాడు. పిందెలకు వేలు చూపితే రాలిపోతాయని పసిపిల్లలు కూడా వేలు మడిచి చూపుతారు. ఈయన మాత్రం దొంగను చూపినట్టు చాచి చూపుతాడు.

తమ్ముడు బతికినన్నాళ్ళూ, "ఏందిరా, మొగోడివై ఉండి పాదులకు నీళ్ళు పోస్తాండావు" అని నవ్వేవాడు. తమ్ముడు పోయాక అదే పాదు "మా తోట" అయింది. కర్మాంతరం అయిందో లేదో, ఎవరో నాయకునికి విందని గంపెడు కాయలు తెంపుకుపోయాడు. ఒక్కటీ చేదు చూడలేదు. పప్పంతా చేదు విషమైంది. "ఆ యమ్మ చేతి గుణంలే అప్పా" అని పంక్తిలో అందరికీ చెప్పాడట.

నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చాడు.

"ఏమ్మే, రేపు మల్లా జనం వస్తాండారు. తెల్లారేతలికి పాదు మీద ఒక్క కాయ ఉండకూడదు. ఈసారన్నా చేదు చూసి పంపు."

"గుడ్డ పీలిక కట్టినవి విత్తనానికి బావా. మీ తమ్ముడు కట్టినవి."

"విత్తనాలకేం కరువు? అంగట్లో పొట్లాలు శానా ఉండాయి. సచ్చినోడొచ్చి విత్తుతాడా ఏంది?" అంటూ ఆ కాయలకే వేలు చాచాడు.

మా అత్త కాలం నాటి విత్తనమది. ఏటా పండిన కాయల గింజలు బూడిదలో కలిపి, మా ఆయన వంటింటి గోడకు పిడకల్లా కొట్టేవాడు. ఆసుపత్రికి పోయే ముందు పీలికలు కట్టి పోయాడు. అవి వంటకు పోతే ఆయన పెట్టిన పాదు ఈ ఏటితో సరి.

తెల్లవారుజామునే లేచి పాదుకు నీళ్ళు పెట్టాను. రోజుకన్నా దండిగా, మడంతా మోకాటి లోతు బురదయ్యేదాకా పెట్టాను.

వాకిట్లో ఆటో ఆగింది. బావ పెరట్లోకి వచ్చి గట్టు మీదే నిలబడిపోయాడు, పంచె ఎత్తుకుని.

"కాయలేవి?"

"పాదు మీదే ఉండాయి బావా. మీ తోటే కదా, దిగి కోసుకోండి."

తెల్లచెప్పుల వైపు ఒకసారి, బురద వైపు ఒకసారి చూసుకున్నాడు. నేను వంటింట్లోకి వచ్చి పొయ్యి ముట్టించాను. కాయల గంప రాత్రి బోర్లించిన చోటే ఉంది.