ఎర్ర చుక్కలు లేని ఊరు

మామిడి తోటలున్న ఇళ్ళలో వేసవి సెలవులు ఉండవు. బడికి సెలవులిచ్చే వేళకే కాయ కోతకొస్తుంది. కోయించడం, సైజు వారీగా ఏరడం, గంపల్లో వరిగడ్డి పరిచి సర్దడం, లారీ కోసం ఎదురుచూడడం, ఇవన్నీ అయ్యేసరికి తొలకరి పడుతుంది, బడి తెరుస్తారు. మా అక్క వాళ్ళ తోట రెడ్డిగూడెం దారిలో ఉండేది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఒక్క వేసవిలో కూడా తను ఊరు దాటలేదు. ఎక్కడికైనా వెళ్ళాలంటే మిగిలింది దసరా సెలవులే.

ఎనభైల మధ్యలో ఒక దసరాకు వైజాగ్ వెళ్దామని అక్కే అడిగింది. ఆరేళ్ళ కూతురికి సముద్రం చూపించాలంది. తనకూ చూడాలని ఉందని ఆ అడిగిన తీరులోనే తెలిసిపోయింది. ఏర్పాట్లు నాకప్పగించారు. నేనప్పటికి సివిల్ డిప్లమా చేసి, నూజివీడులో ఒక ఇంజనీరింగ్ సెక్షన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి రెండేళ్ళయింది. ఏ పనైనా కాగితం మీద పెడితేగాని నాకు ఊపిరాడేది కాదు. పొడుగు నోటుబుక్కులో ఒక పేజీ తీసి నంబర్లు వేశాను. ఒకటి, నూజివీడు నుంచి బెజవాడ బస్సు. రెండు, రైలు రిజర్వేషను. మూడు, సత్రం. నాలుగు, పాపకు ఉన్ని టోపీ. ఇలా పంతొమ్మిది వచ్చాయి. పంతొమ్మిదోది తాళంకప్ప.

రిజర్వేషను చేయించిన వారానికి పేపర్లో లోపలి పేజీలో ఒక చిన్న వార్త పడింది. పిల్లలకు హఠాత్తుగా జ్వరం, వాంతులు, ఫిట్స్. మెదడువాపు అంటున్నారు, వైరస్ వల్ల అంటున్నారు. నాలుగు రోజుల తర్వాత అది మొదటి పేజీకి వచ్చింది. దోమల వల్ల వస్తుందని ఒకరు, పందుల వల్లని ఒకరు, రెండూ నిజమేనని ఇంకొకరు రాశారు. మా ఆఫీసులో అటెండరు మాత్రం అది గాలిలో వస్తుందని తేల్చేసి ముక్కుకు తువ్వాలు కట్టుకుని తిరిగాడు.

నేను ఆఫీసులో జిల్లా పటం మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, పక్క జిల్లాలతో సహా హద్దులూ ఊళ్ళూ దించుకున్నాను. పేపర్లో ఏ ఊరు పేరు పడితే ఆ ఊరి మీద ఎర్ర పెన్సిలుతో చుక్క. ఒకరిద్దరైతే చిన్నది, ఎక్కువమందైతే పెద్దది. పది రోజుల్లో బెజవాడ చుట్టూ, కృష్ణకు అవతల గుంటూరు వైపు ఎర్రబడింది. ఏలూరు మీద రెండు చుక్కలు పడ్డాయి. నూజివీడు నుంచి పైకి, చాట్రాయి వైపు మెట్ట భూమంతా తెల్లగా ఉంది.

ఇక నాకు కాలు నిలిచేది కాదు. బెజవాడ వద్దు, హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్ళి ప్యాసింజరు పట్టుకుందాం అనుకుని పేజీ కొట్టేసి రెండో పేజీ రాశాను. ప్యాసింజరైతే ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, ఆగినచోటల్లా దోమలు ఎక్కుతాయి అనిపించి దాన్నీ కొట్టేశాను. మూడో పేజీలో బస్సుల్లోనే అంచెలంచెలుగా వెళ్ళే దారి రాశాను. అది చూసి మా బావ నవ్వాడు.

"ఏంటి బావమరిదీ, వైజాగ్‌కి కొత్త రోడ్డు వేస్తున్నావా? ఎస్టిమేటు ఇంకా శాంక్షన్ కాలేదా?"

"నవ్వకు బావా. పిల్లలకే వస్తోందట."

"అందుకేగా నీకు రాలేదు. నువ్వు పుట్టినప్పుడే ముసలాడివి."

అక్క నవ్వలేదు. చీరలు మడతపెడుతూ, "ఒరేయ్, నాకీ పటాలూ గిటాలూ అర్థం కావు. వెళ్దామా వద్దా, ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తాం," అంది.

ఆ మాటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడో రోజు పొద్దున ఆఫీసుకు వెళ్తూ సైకిలు తోట వైపు తిప్పాను. గేటు దగ్గరే నిలబడి, "వద్దక్కా," అన్నాను. అక్క సరేనంది. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె లోంచి చీరలు తీసి బీరువాలో పెట్టడం బయటికి వినిపించింది. పాప మాత్రం ఏడ్చింది. బడిలో అందరికీ చెప్పేసిందట, ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలని పెద్దవాళ్ళ మాటలు అంటూ ఏడ్చింది.

దాని ఏడుపు చూడలేక బావే దారి చూపించాడు. "పోనీ మా పెద్దమ్మ వాళ్ళ ఊరెళ్దాం. చాట్రాయి అవతల. పెద్ద చెరువు, పడవ కూడా ఉంది. దీనికి అదే సముద్రం."

నేను వెంటనే ట్రేసింగ్ పేపర్ తెచ్చాను. చాట్రాయి దాటి ఎక్కడా ఒక్క చుక్క లేదు. "భేషుగ్గా వెళ్ళొచ్చు," అన్నాను. అంత ధీమాగా నేను మాట్లాడగా వాళ్ళు ఎప్పుడూ విని ఉండరు. నన్నూ రమ్మన్నారు. సెలవు ఎలాగూ పెట్టేశాను కాబట్టి వెళ్ళాను.

ఊరు బాగుంది. చెరువు నిండి అలుగు పారుతోంది. చెరువు కింద ఇళ్ళ దాకా వరి. మా వైపు మామిడి మెట్టలో నీళ్ళు నిలవవు కాబట్టి అంత పచ్చదనం నాకు కొత్త. మడుల్లో తెల్ల కొంగలు గుంపులుగా వాలేవి. ఊరి వెనక పందులు తిరుగుతుండేవి. పాప పొద్దస్తమానం గట్టు మీదే ఉండేది. సాయంత్రమయ్యేసరికి దోమలు ముసిరేవి. పెద్దమ్మగారు వేపాకు పొగ వేసి, "మా దోమలు చుట్టాల్ని బాగా చూసుకుంటాయి నాయనా," అనేది. పాప చేతుల మీద, పిక్కల మీద దద్దుర్లు లేచాయి. అక్క కొబ్బరినూనె రాసింది. నేను చూశాను. నాకు ఏమీ అనిపించలేదు. ఆ ఊరి మీద చుక్క లేదు కదా.

మూడో రోజు పొద్దున మలేరియా వర్కరు వచ్చాడు. ఖాకీ చొక్కా, సైకిలుకు సంచి, సంచిలో రక్తం చుక్క తీసే గాజు పలకలు. ఆయన వచ్చినప్పుడల్లా గుమ్మం పక్క గోడ మీద తారీఖు రాసి సంతకం చేస్తాడు. ఆ ఇంటి గోడ మీద అప్పటికే ఒక వరసలో చాలా తారీఖులున్నాయి. నాకు ఆ వరస ఎంతో నచ్చింది. ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని అడిగి, లేదన్నాక, కొత్తవాళ్ళం కాబట్టి ఎక్కణ్ణుంచి వచ్చారన్నాడు. చెప్పాను. వైజాగ్ మానుకుని, జబ్బు లేని ఊరని వెతికి ఇక్కడికి వచ్చామని కూడా చెప్పాను. నోటుబుక్కులో మడతపెట్టి ఉంచుకున్న ట్రేసింగ్ పేపర్ తీసి చూపించాను.

ఆయన దాన్ని వెలుగుకు పట్టుకుని శ్రద్ధగా చూశాడు.

"బాగా గీశారండీ. ఇవన్నీ ఆసుపత్రులున్న ఊళ్ళు."

"అంటే?"

"పేపర్లో ఊరు పేరు పడాలంటే అక్కడ ఆసుపత్రన్నా ఉండాలి, విలేకరన్నా ఉండాలి కదండీ. ఈ ఊళ్ళో రెండూ లేవు. ఈ వీధి చివర్నుంచే ఇద్దరు పిల్లల్ని బెజవాడ తీసుకెళ్ళారు. ఊళ్ళో వాళ్ళు మామూలు జ్వరమే అనుకుంటున్నారు. జబ్బు పడింది ఇక్కడ, పేపర్లో పేరు బెజవాడది." పటం మడిచి చేతికిచ్చాడు. "పక్క ఊళ్ళో ఒకరు. పైన ఇంకో ఊళ్ళో..." అని వేళ్ళు మడవబోయి నా మొహం చూసి ఆగాడు. "పిల్లని సాయంత్రాలు బయట తిప్పకండి. కుట్టిన దగ్గర్నుంచి పదిహేను రోజుల దాకా కనిపెట్టుకుని ఉండాలి. అందర్నీ పట్టుకోదు లెండి. భయపడకండి."

గోడ మీద ఆ రోజు తారీఖు రాసి వెళ్ళిపోయాడు.

అక్క లోపల పెసరట్లు పోస్తోంది. ఆ మాటలు వినలేదు. నేను వెళ్ళి చెప్పాల్సింది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. పెద్దమ్మగారు ఏదో అంటుంటే అక్క నవ్వుతోంది. వైజాగ్ వద్దన్న రోజు తర్వాత తను నవ్వగా అదే చూడడం. ఆఫీసులో ఒక డ్రాయింగు పూర్తి చెయ్యడం మర్చిపోయానని, మర్నాడు పొద్దున బస్సుకే వెళ్ళాలని అబద్ధం చెప్పాను. "నువ్వెళ్ళు, మేం రెండ్రోజులుండి వస్తాం," అన్నాడు బావ. నేను ఒక్కణ్ణీ వెళ్ళనని మంకుపట్టు పట్టాను. బావ తిట్టాడు. పాప మళ్ళీ ఏడ్చింది. అందరం తిరిగొచ్చాం.

ఆ తర్వాత ఆరు రోజులు నేను రోజూ రెండుసార్లు తోటకు సైకిలు తొక్కాను. పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు అయ్యాక. జేబులో థర్మామీటరు. ఆట అని చెప్పి పాప నోట్లో పెట్టేవాణ్ణి. అంకె చూసి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఈ జబ్బులో మెడ వంగదని పేపర్లో చదివాను కాబట్టి, మెడ వంచి గెడ్డం గుండెకు ఆనించమనేవాణ్ణి, అదీ ఆటే. పాపకు నచ్చింది. అక్కకే అనుమానం వచ్చింది.

"ఏంట్రా, డాక్టరీ ఎప్పుడు మొదలెట్టావు?"

"ఊరికే అక్కా. కొత్త థర్మామీటరు, సరిగ్గా పనిచేస్తోందో లేదోనని."

"ఇంటి కోసం కొలతలేసుకునేవాణ్ణి చూశాను గానీ, పిల్లకి కొలతలేసేవాణ్ణి నిన్నే చూశాను."

ఏడో రోజు ఆదివారం. నేను వెళ్ళేసరికి పదకొండయింది. పాప మంచం మీద ముడుచుకుని ఉంది. నూట రెండు. పొద్దున ఒకసారి వాంతి కూడా చేసుకుందని అక్క మామూలుగా చెప్పింది. పులిహోర ఎక్కువ తిన్నది, అరగలేదు, ధనియాల కషాయం కాస్తున్నాను, సాయంత్రానికి తగ్గకపోతే రేపు నూజివీడులో చూపిద్దాం అంది.

రేపు అన్న మాట విన్నాక ఆగలేకపోయాను. నిలబడే చెప్పాను. మలేరియా వర్కరు అన్నది, వీధి చివర ఇద్దరు పిల్లల సంగతి, పదిహేను రోజులు, నా అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. అక్క కషాయం గిన్నె దించి కింద పెట్టింది. బావను కేకేసి, "బెజవాడ వెళ్దాం. ఇప్పుడే," అంది.

మూడు వారాలుగా నేను ఏ ఊరు తప్పించుకోవాలని దారులు గీశానో, ఆ ఊరికే బస్సులో కూర్చుని వెళ్ళాం. ఆగిరిపల్లి దాటాక బస్సు ఎంత మెల్లగా పోతోందో అనిపించింది. పాప తల అక్క ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. బావ ముందు సీటు కడ్డీ పట్టుకుని, కూర్చోకుండా దారంతా నిలబడే ఉన్నాడు.

ఆసుపత్రి వరండాలో చాపలు, ఫ్లాస్కులు, నిద్రలేని మొహాలు. మా వంతు వచ్చే లోపు నేను కూర్చోలేక తిరుగుతూ కనిపించిన వాళ్ళనల్లా ఏ ఊరని అడిగాను. ఒక్కరూ బెజవాడ అనలేదు. ఎవరిదో చెరువు కింద ఊరు, ఎవరిదో కాలవ కింద ఊరు. సగం పేర్లు నా పటంలో లేనే లేవు.

చివర బెంచీ మీద ఉన్నాయన నేను అడగకముందే నన్ను పోల్చుకున్నాడు.

"మీరు మా ఊరొచ్చారు కదండీ, పెద్దమ్మగారింటికి? నేను వీధి చివర ఇంటోణ్ణి. డబ్బుల కోసం ఒక పూట ఇంటికొచ్చినప్పుడు మిమ్మల్ని చూశాను." లోపలి వార్డు వైపు చెయ్యి చూపించాడు. "మా అమ్మాయి. తొమ్మిదేళ్ళు. పన్నెండు రోజులైంది. నిన్న కళ్ళు తెరిచింది గానీ మమ్మల్ని ఇంకా గుర్తుపట్టట్లేదు."

"మా పాపకు కూడా జ్వరమండీ," అన్నాను.

ఆయన గబుక్కున లేచి పాప దగ్గరికి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "పేరు పెట్టి పిలిస్తే పలుకుతోందా అమ్మా?" అని అక్కనడిగాడు. పలుకుతోందంది అక్క. "అయితే మంచిదే," అని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. పాప మెడ వంచి చూసింది, కాళ్ళు మడిచి చూసింది, టార్చి వేసి కళ్ళలోకి చూసింది, గొంతులో చూసింది. రక్తం తీయించి, సాయంత్రం దాకా ఉండమంది. నాలుగున్నరకు మళ్ళీ చూసి, ఇది అది కాదంది. గొంతు వాచింది, మాత్రలు రాస్తాను, స్పృహలో తేడా వస్తే మాత్రం వెంటనే తీసుకురమ్మంది.

బయటికొచ్చాక వీధి చివర ఇంటాయన ఎదురొచ్చాడు. నేను మందుల చీటీ మడతపెట్టుకుంటూ పక్కకు జరిగాను. ఆ జబ్బు కాదన్నారని బావే చెప్పాడు.

"మరింకేం. తీసుకెళ్ళిపోండి. ఇక్కడ ఉంచకండి పిల్లని," అన్నాడాయన.

అక్క పాపను బావకిచ్చి లోపలికి వెళ్ళింది. ఆ అమ్మాయి తల్లి పక్కన కూర్చుని, చాలాసేపు ఉండి వచ్చింది.

తిరుగు బస్సులో పాప మందు మత్తులో నిద్రపోయింది. నేను దాని నుదుటి మీద చెయ్యి వేసి ఉంచాను. ఊరు దాటాక అక్క కిటికీ లోంచి చూస్తూనే అడిగింది.

"ఆరు రోజులు ఎలా తిన్నావురా అన్నం?"

బావ వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు. నేను పాప నుదుటి మీంచి చెయ్యి తియ్యలేదు. కాసేపటికి అక్కే నా మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టింది.

"తియ్యి. చెమట పడుతోంది దానికి, గాలి తగలనీ."