పంకజ ఔటైన రోజు

నానిన బొరుగుల్లో పచ్చిమిర్చి తాలింపు పడిన వాసన ఎక్కడ తగిలినా నా కాళ్లు ఇప్పటికీ నిలవవు. మా బళ్లారి బజారు వీధిలో ఎండాకాలపు సాయంత్రాలు ఆ వాసనతోనే మొదలయ్యేవి. అవ్వ పెట్టిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నోట్లో కుక్కుకుని, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, బండలు ఇంకా కాళ్లకు సుర్రుమంటుండగానే లగోరికి పరుగెత్తేవాళ్లం. ఏడు పెంకులు పేర్చి గుడ్డబంతితో పడగొట్టడం, ఎదుటివాళ్లు అదే బంతితో మన వీపు పగలగొట్టేలోపు మళ్లీ పేర్చేయడం! అంతకంటే గొప్ప పని లోకంలో ఉందని మాకు తెలియదు.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో, సిరిగేరి నుంచి పక్కింటికి పంకజ వచ్చింది. నా ఈడుదే. పుట్టినప్పటినుంచీ వినపడదు, మాట రాదు.

"పాపం, నోరు లేని పిల్ల. దాన్ని కొడితే కండ్లు పోతాయి మీకు" అని అవ్వ మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి చెప్పింది.

పెద్దవాళ్లు మాకు నేర్పింది అంతే. అందుకని పసిపిల్లల్ని చేసినట్టే పంకజను ఆటలో అరటిపండు చేశాం. ఆమెను ఎవరూ బంతితో కొట్టరు, ఆమె పేర్చిన పెంకులు లెక్కకు రావు. పాపం రోజూ ఏడూ పేర్చి, మెరిసే కళ్లతో చుట్టూ చూసేది. మేము కూలదోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. అప్పుడు బంతి తెచ్చి నా చేతిలో పెట్టి, పిడికిలితో తన వీపు తనే గుద్దుకునేది. మేము పడీపడీ నవ్వేవాళ్లం. సిగ్గులేని పిల్లలం.

ఒకనాడు గుద్దుకుంటూ ఏడ్చింది. అప్పుడర్థమైంది నాకు. మరుసటి ఆటలో ఆమె ఆరో పెంకు పెడుతుండగా, కళ్లు పోతే పోనీ అనుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. వీపు మీద ధబ్!

"ఏమే, బుద్ధుండాదా నీకు? దాన్నా కొట్టేది?" అవ్వ అరుగు దిగొచ్చి నా వీపున రెండు వేసింది.

"ఇల్లి నోడవ్వా, ఈడ చూడు, నగుతాండాది!" అని పిల్లలు అరిచారు.

నిజమే, పంకజ నవ్వుతోంది! వీపు తడుముకుంటూ, గంతులేస్తూ పోయి, ఔటైనవాళ్లు కూర్చునే గోడ దగ్గర వాళ్ల మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. అంత సంబరంగా ఔటైన మనిషిని నేను మళ్లీ చూడలేదు. మూడో దెబ్బకు ఎత్తిన చెయ్యి అవ్వ అట్లాగే దించేసింది. ఆ తర్వాతి ఆటలో పంకజ విసిరిన బంతికి నా భుజం వారం రోజులు వాచింది.

ఇప్పుడా వీధినిండా స్కూటర్లే. లగోరి లేదు, ఎవరు ఔటయ్యారో అరుగుల మీదినుంచి తీర్పు చెప్పే ముసలమ్మలూ లేరు. పంకజ ఎక్కడుందో తెలియదు. కనబడితే, అన్ని రోజులు కొట్టకుండా వదిలినందుకు మన్నించమని అడగాలని ఉంది.