కొసరు నూనె

అక్షరాలు రాక ఇన్నేండ్లు రాయలేదు. బడికి పోయే వయసుల తమ్ముండ్లను ఎత్తుకొని తిరిగిన. పెండ్లయినంక బీడీలు చుట్టిన, నాట్లకు పోయిన. నలభై దాటినంక మహిళా సంఘంల సంతకం నేర్చుకుందామని కూసుంటే అక్కడితో ఆగబుద్ధి కాలేదు. చదువుడు వచ్చింది, రాసుడు వచ్చింది. వచ్చినంక గూడ రాయలేదు. పొద్దంత బీడీలు చుట్టిన వేళ్లు సాయంత్రానికి పెన్ను పట్టనియ్యవు. ఈ వారం బీడీల కార్ఖానకు తునికాకు రాలేదు, చేతులు ఖాళీ అయినయి. అందుకే కారు సంగతి రాస్తున్న.

మా ఆయన గల్ఫ్‌ల కార్ల గ్యారేజీల పనిచేసిండు. ఉత్త కార్లు కాదు, బాణం లెక్క ఉరికే కార్లు. పెండ్లయిన కాన్నుంచి ఆయన మొఖం కంటే ఫోన్ల ఆయన గొంతే నాకు ఎక్కువ ఎరుక. ఆఖరికి ఒక ఇంజన్ లేపంగ నడుముల పూస జరిగి, నేను, మా అత్త ఉండే ఇంటికొచ్చిండు. వంగలేడు. కింద కూసుంటే ఒకరు చెయ్యియ్యాలె.

ఎల్లారెడ్డిల ట్రాక్టర్లున్నయి, ఆటోలున్నయి, గసువంటి కార్లు ఎవరికున్నయి? కామారెడ్డిల షెడ్డు నడిపే సేటు ఒకాయన పెద్ద కార్ల పని తెలిసిన మనిషి కోసం చూస్తున్నడని విని పోయి అడిగిండు. సేటు ఈయన నడుస్తుంటే చూసిండట.

"భాయ్, నువ్వు వంగలేవు. ఎట్ల చేస్తవ్?"

"వంగే పోరగాండ్లు నీ దగ్గర ఉన్నరు సేట్. ఏది ఇప్పాలె, ఏది ఇప్పొద్దు, అది నేను చెప్త."

"మాటలు అందరు చెప్తరు. ఒక్క బండిని మంచిగ చేసి ఎల్లారెడ్డి నుంచి నా షెడ్డు దాంక తోలుకొని రా. పొగ రావద్దు. అప్పుడు మాట్లాడుదం."

అది కాకుంటే మళ్ల గల్ఫే. ఈ నడుముతోని గ్యారేజీల పెట్టుకోరు కాబట్టి, ఏజెంటు కాపలా పని చూసి పెట్టిండు. ఎండల పొద్దంత నిలబడే పని. వద్దని నేను అనలేదు. అనే ఓపిక గూడ లేకుండె.

హైదరాబాద్ పోయి ఇంజన్ చెడిపోయి మూలకు పడ్డ ఎర్ర కారును లారీల ఏసుకొచ్చిండు. దాని పొట్ట నేలకు జానెడు ఎత్తుల ఉంటది. మా బర్రె కట్టేసే కొట్టంల పెట్టినం, బర్రె అప్పటికే లేదు. పక్కింటాయన రోజు గోడ మీదికెళ్లి తొంగి చూసేటోడు.

"వదినె, బర్రెను అమ్మి దీన్ని కట్టేసిన్రు. పూటకెన్ని పాలిస్తది?"

"ఇచ్చేది లేదు మరిదీ. తాగుడే."

అట్ల ఎండకాలమంత నడిచింది. ఆయన ప్లాస్టిక్ కుర్చీల కూసుంటడు, నేను చక్రాల కింద దిమ్మెలు పెట్టి లేపిన కారు కింద గోనెసంచి పరుసుకొని పండుకుంట. చేతికట్టెతోని చూపెడ్తడు, నేను ఇప్పుత. "గది కాదు, దాని పక్కది." "గట్టిగ తిప్పకు, బోల్టు మరలు పోతయి." బీడీలు చుట్టిన సన్నటి వేళ్లు ఇరుకు సందుల్లకు మంచిగనే పోయినయి. రాత్రి పండుకుంటే మాత్రం భుజాలు నావి కానట్టే ఉండేవి. పొద్దుగాల మళ్ల బీడీలు, మళ్ల వంట, మళ్ల గోనెసంచి.

ఆ ఇంజన్‌కు గాలి ఎక్కిచ్చే చక్రం ఒకటుంటది, టర్బో అంటరు. కారు ఉరుకుడంత దాంతోనే. పాతది తెచ్చి మేమే బిగిచ్చినం. ఆయన గుబులంత దాని మీదనే. అది పోతే పొగ వస్తదని, మళ్ల కొనే తాహతు లేదని ఎన్నిసార్లు అన్నడో.

కామారెడ్డికి పోయే ముందటి రోజు ఇంజన్ నూనె మార్చినం. నేను కింద బోల్టు ఇప్పితే నల్లటి నూనె వెచ్చగ మోచేతి దాంక కారింది. బోల్టుకు కొత్త రాగి వాషర్ ఏసి బిగిచ్చిన. కొత్త ఫిల్టర్ పెట్టిన. పైకెళ్లి గరాటు పెట్టి కొత్త నూనె పోసిన. ఆయన నిలబడి నూనె చూసే కడ్డీ గుంజి, బట్టతోని తుడిచి, మళ్ల పెట్టి గుంజిండు. రెండు గీతల నడుమ నిలబడ్డది. "చాలు" అన్నడు. రెండో డబ్బాల సగం మిగిలింది.

ఆయన చేతులు కడుక్కొనుడుకు బోరింగు దగ్గరికి పోయిండు. నేను మళ్ల కిందికి పోయి ఇంజన్ కింది రేకు బిగిస్తున్న. పైన గుడగుడ చప్పుడైంది. బోరింగు నీళ్లే అనుకున్న.

నేను రేకు బిగిచ్చి లేసినంక ఆయన వచ్చి గరాటు తీసి, మూత పెట్టి కారు స్టార్ట్ చేసిండు. మొదలు మంచిగనే పలికింది. కొద్దిసేపటికి ఎనక పైపుకెళ్లి నీలిరంగు పొగ లేసింది. కొట్టమంత నిండింది. దగ్గుకుంట బయటికొచ్చిన. పక్కింటాయన గోడ మీదికెళ్లి దిగి పోయిండు.

ఆయన కారు బంద్ చేసి, నేను చెయ్యిస్తే దిగి కుర్చీల కూలబడ్డడు.

"టర్బో పోయింది. అయిపోయింది ఇగ."

"మళ్లొకసారి చూడరాదు."

"ఏం చూస్త? అన్ని నా కండ్లతోనే చూసిన." ఫోను తీసి ఏజెంటు నంబరు మీద బొటనవేలు పెట్టి కూసున్నడు. నొక్కలేదు, తియ్యలేదు.

నాకు ఏడుపు గూడ రాలేదు. ఒళ్లంత నూనె. నూనె పోవాలని చేతులకు రాసే కిరసనాయిలు పట్టను ఖాళీ డబ్బా కోసం చూసి, సగమున్న రెండో డబ్బాను పక్కకు జరుపుదామని లేపిన. అల్కగ లేసింది. మూత ఇప్పి బోర్లిస్తే చుక్క రాలేదు.

"దీంట్ల సగం ఉండె గదా?"

ఆయన తల లేపిండు. ఇద్దరం మా అత్త దిక్కు చూసినం. ఆమె గడప మీద కూసొని నిమ్మకాయలకు కుంకుమ పెడుతున్నది, తెల్లారి టైర్ల కింద పెట్టను.

మా అత్తకు కొసరు లేనిది ఏదీ నడువది. వడ్లు కొలిస్తే ఆఖరుకు దోసెడు పైన పోస్తది. పాలు పోసినా, పప్పు బదులిచ్చినా అంతే. పయనం పోయేటోనికి కడుపు నిండినంక ఇంకొక ముద్ద పెడ్తది. కొలిచినంత మట్టుకే ఇస్తే బర్కత్ ఉండదు, ఇంటికి కలిసిరాదంటది.

"అవ్వా, నూనె ఏమాయె?"

"ఏమాయె ఏంది కొడుకా? రేపు అంత దూరం పోయేదానికి మీరిద్దరు కొలిచి పోస్తిరి. గరాటు అట్లనే ఉండె. నేను కొసరు పోసిన."

ఆయన రెండు చేతులు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. తర్వాత భుజాలు ఊగినయి. ఏడుస్తున్నడనుకొని దగ్గరికి పోతే నవ్వుతున్నడు. నవ్వితే నడుము నొస్తదని నడుము పట్టుకొని నవ్వుతున్నడు.

"నూనె ఎక్కువైతే లోపల తిరిగే దండె మునిగి, కవ్వం లెక్క చిలుకుతది. నురుగొచ్చి గాలి పైపులల్ల పోయి కాలుతది. టర్బోకు ఏం కాలేదే! కడ్డీ చూస్తే తెలుస్తుండె. చూసిందే గదా అని చూడలేదు."

నేను మళ్ల గోనెసంచి పరిసిన. రేకు మళ్ల ఇప్పిన. అత్త కొట్టంలకు వచ్చి అడ్డం నిలబడ్డది.

"పోసిన కొసరు మళ్ల తీస్తరా? ఎన్నడన్న విన్నమా?"

"అత్తా, తియ్యకుంటే నీ కొడుకు గల్ఫ్ పోతడు."

ఆమె లోపలికి పోయి ఒక పాత గిన్నె తెచ్చింది. "దీంట్ల పట్టు పిల్లా. బయట మాత్రం పారబొయ్యద్దు." తీసిన నూనెను ఆ పొద్దే చెదలు పట్టిన దర్వాజ చౌకట్లకు బట్టతోని రుద్దింది. కొసరు ఇంట్లనే ఉన్నది, ఇగ ఆమెకు రంది లేదు.

కారు మళ్ల స్టార్ట్ చేస్తే ఇంకా పొగే. పైపులల్ల పడ్డది కాలాలె అన్నడు. చీకటి పడేటాల్లకు పొగ పలచనయింది. పూర్తిగ పోయిందో లేదో చీకట్ల తెలువలేదు.

తెల్లారి లేసి వాకిలి ఊడ్వకముందే కారు కింద చూసిన. చుక్క పడలేదు. కడ్డీ గుంజి, కొంగుతోని తుడిచి, మళ్ల పెట్టి గుంజిన. గీతల నడుమ ఉన్నది. అత్త ఆయనకు ఒక ముద్ద ఎక్కువ పెట్టింది, ఆయన వద్దనకుండ తిన్నడు. దిమ్మెల మీదికెళ్లి దిగి, నిమ్మకాయలు తొక్కుకుంట కారు బయటికొచ్చింది. ఆ సీటుల నుంచి ఆయనను లేపను మనిషి కావాలె కాబట్టి నేను పక్కన కూసున్న. తాడ్వాయి దాటేదాంక ఎనక అద్దంలనే చూసిన. రోడ్డు కనబడ్డది, పొలాలు కనబడ్డయి, పొగ కనబడలేదు.

షెడ్డుల సేటు తెల్లటి దస్తీ పైపు దగ్గర పట్టి చూసిండు. చెవి పెట్టి ఇన్నడు. నేను మా ఆయన రెండు చేతులు పట్టి సీటుల నుంచి గుంజుతున్నప్పుడు సేటు లోపలికి తిరిగి, "అరే, ఉస్తాద్‌కు కుర్చీ తేండ్రా" అని కేకేసిండు.

ఆయన కూసున్నడు. నేను బస్టాండుకు నడిచి ఎల్లారెడ్డి బస్సెక్కి, ఆడోళ్లకు పైసలు లేకుండ ఇచ్చే జీరో టికెట్ చేతుల పట్టుకొని, కిటికీకి తల ఆనిచ్చి నిద్రపోయిన. ఎల్లారెడ్డి వచ్చినంక కండక్టరమ్మ భుజం తట్టి లేపింది.