ట్యాంకుకు రంగు వేసిన ఆదివారాలు

ఆ సోమవారం కాలేజీ మెట్లెక్కుతూ సగంలోనే ఆగిపోయాను. ఊపిరి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదు. రొమ్ములో పిల్లికూతలు. బీదర్‌లో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును నేను. నలభై రెండేళ్ళు. బీడీ, సిగరెట్ ఎన్నడూ ముట్టలేదు.

అప్పటికి చిద్రిలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక బండి తయారవుతోంది. నా భార్య సువార్త పొట్టి మనిషి. గేర్ల బండి నడపాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. ఏ బండి ఎక్కినా కాళ్ళు నేలకందవు. అందుకే పాత బండి ఒకటి కొని, ఫ్రేము కోసి, సీటు బాగా కిందికి దించి వెల్డింగ్ చేశాను. పెట్రోలు ట్యాంకు నేనే సుత్తితో కొట్టి మలిచాను. ఇక మిగిలింది రంగు. ఆదివారం చర్చి నుంచి రాగానే స్ప్రే గన్ పట్టుకునేవాణ్ణి.

మొదటి డాక్టరు "గ్యాస్" అన్నాడు. మాత్రలు మింగాను. రెండో ఆయన ఎక్స్‌రే తీయించి, టీబీ ఏమోనని కళ్ళె పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చేదాకా సువార్త అన్నం సరిగా తినలేదు. టీబీ కాదని తేలాక డస్ట్ అలర్జీ అని సిరప్ రాశాడు. ఇద్దరూ ఏం పని చేస్తారని అడిగారు, కాలేజీ అనగానే చాలన్నట్టు రాసుకున్నారు. మన్నాఏఖేళ్ళి నుంచి మా అక్క ఫోన్ చేసి, "టెన్షన్ తీసుకోకురా తమ్మీ, అదే తగ్గుతది" అన్నది. ఊపిరి అందక చస్తున్నవాడికి ఆ మాట వింటే ఎంత మండుతుందో పడినవాళ్ళకే తెలుసు.

మూడు నెలల తర్వాత ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. స్పైరోమెట్రీ అనే పరీక్షకు ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదించారు. రిపోర్టు చూసి ఆమె అడిగింది:

"వారంల ఏ రోజు ఎక్కువైతది?"

"సోమవారం, మేడం."

"ఆదివారం ఏం చేస్తరు?"

ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. బండి సంగతి చెప్పాను.

"మూతికి ఏం కట్టుకుంటరు?"

"దస్తీ."

"దస్తీ ఆ ఆవిరిని ఆపుతదా? రేపు రంగుడబ్బాలు పట్టుకరండి."

మరుసటి రోజు రంగు గట్టిపడడానికి కలిపే హార్డెనర్ డబ్బా తిప్పి చూసి, ఒక మాట మీద వేలు పెట్టింది: ఐసోసయనేట్. "మీకు ఆస్తమా తెచ్చింది ఇదే. ఇంక ఈ రంగు జోలికి పోవద్దు. ఒక్కసారి గూడ."

ఇన్‌హేలర్ మొదలుపెట్టాను. ఆరు వారాల్లో మామూలు మనిషినయ్యాను. అదే నా కొంప ముంచింది. ట్యాంకు మీద మెరుపు కోటు ఒక్కటే మిగిలింది. మంచి మాస్కు కొన్నాను కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. పని ముగించి, మాస్కు తీసి, గన్ కడుగుతుండగానే రొమ్ము పట్టేసింది. సువార్త ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. నెబ్యులైజర్, ఆక్సిజన్, రెండు రోజులు మంచం మీద.

"నిన్ను బండి అడిగిన గని, నీ పానం అడిగిన్నా?" అన్నది సువార్త.

స్ప్రే గన్ అమ్మేశాను. బండి మిగతా భాగాలకు రంగు బయట షాపులో వేయించాం. ఇప్పుడు సువార్త ఆ బండి మీదే సంతపూర్ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. నేను పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ పీలుస్తున్నాను. పక్కింటికి రంగులు వేస్తే మేము తలుపులన్నీ మూసుకోవాలి. చేతిలో పనితనం ఉండి కూడా షెడ్డులో నట్లు బిగించడం తప్ప మరేమీ చేయలేని కోపం నాకింకా పోలేదు.

ఒక్క మాట మాత్రం వినండి. డాక్టరు ఏం పని చేస్తారని అడిగితే జీతం వచ్చే పని చెప్పి ఊరుకోకండి. ఇంట్లో, సెలవు రోజున మీ చేతులు ఏం పట్టుకుంటాయో అది కూడా చెప్పండి. వాళ్ళు అడగకపోయినా చెప్పండి.