అక్క కోసం తెచ్చిన ప్లాస్టిక్ అద్దం

మొన్న మా అల్లుడు కొత్తింటి హాల్లో గోడ పొడుగునా చేపల తొట్టి పెట్టిస్తానని కూర్చున్నాడు. ఈ రోజుల్లో కూర్చోవడమంటే ఫోను పట్టుకుని కూర్చోవడమే కదా. అమ్మాయి గాజుది అంటుంది, అల్లుడు అక్రిలిక్‌ది అంటాడు, మూడు రోజులుగా అన్నం దగ్గర కూడా అదే పంచాయితీ. చివరికి మర్యాద కోసం నన్నూ ఒక మాట అడిగారు. "అక్రిలిక్ అయితే దాన్ని దేంతో తుడవాలో ముందు తెలుసుకోండి" అన్నాను. ఇద్దరూ ఒకేసారి ఫోన్లలోంచి తలలెత్తి చూశారు. బళ్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషికి ఇదెలా తెలుసని వాళ్ల ఆశ్చర్యం. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లేచి వచ్చేశాను. నిజానికి పాలు అప్పటికే కాచి దించాను.

తొంభైల మొదట్లో నాకు సిద్దిపేటలో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కావాళ్లింట్లోనే, ముందుగదిలో ఉండేదాన్ని. బావకి మెయిన్ రోడ్డు మీద పటాలు కట్టే దుకాణం. దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు, కొత్తిళ్ల కిటికీలకి అద్దాలు. గోటితో టక్కుమని కొట్టి అద్దం ఎన్ని మిల్లీల మందమో చెప్పేవాడు. వేళ్ల నిండా పాత కోతల గుర్తులు. ఆయన దృష్టిలో లోకంలో వస్తువులు రెండే రకాలు: అద్దం, అద్దం కానిది. ప్లాస్టిక్ పేరెత్తితే, "అది చెంబులకు, చెప్పులకు పనికొస్తది గంతే" అనేవాడు. పొద్దున్నే తడిపిన పేపరు ముద్దకి సుద్దపొడి అద్ది అద్దాలు తుడవడం ఆయనకి సంధ్యావందనంతో సమానం. దుకాణంలో అయ్యాక ఇంట్లో గడియారం, బీరువా అద్దం, అన్నీ తళతళలాడాల్సిందే. ఇంటికొచ్చిన చుట్టాల కళ్లజోళ్లు కూడా అడిగి తీసుకుని తుడిచి ఇచ్చేవాడు. తను మాత్రం యాభై దాటినా, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నా, జోడు పెట్టుకోనని భీష్మించుకుని కూర్చున్నాడు.

అక్కకి షుగరు ముందు నుంచీ ఉంది. అది కళ్లకి ఎక్కుతుందని మా ఎవరికీ తెలియదు. మొదట సూదిలో దారం ఎక్కలేదు, నవ్వుకున్నాం. తర్వాత పేపరు చదవడం పోయింది. తర్వాత ఎదురుగా వచ్చే మనిషి ఎవరో గొంతు విని చెప్పడం మొదలుపెట్టింది. హైదరాబాదు తీసుకుపోయి కళ్ల డాక్టరుకి చూపిస్తే, ఒక కన్ను పూర్తిగా పోయిందనీ, రెండోదానిలో కొంచెం మిగిలిందనీ, అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ అన్నాడు. "ఉన్నన్నాళ్లు ఆమెకు ఇష్టమైనవి చూడనివ్వండి" అన్నాడు. ఆయన అంతకన్నా ఏం చెప్పగలడు?

ఆ డాక్టరు గది బయట ఒక చేపల తొట్టి ఉండేది. మందుల చీటీ కోసం కూర్చున్నప్పుడు అక్క ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని, "చెల్లె, ఎర్రదొకటి మీదికి పోయింది, సూసినవా?" అంది. అప్పటికి చాలా నెలలుగా మేమే ఆమెకు అన్నీ చూపిస్తున్నాం. ఆ రోజు ఆమె మాకు ఒకటి చూపించింది. బావ లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంట్లో అక్క కుర్చీ ఎదురుగా ఐదడుగుల తొట్టి పెట్టాలని అక్కడే నిశ్చయించుకున్నాడు.

మరో వారానికి నేనూ ఆయనా మళ్లీ హైదరాబాదు వెళ్లాం. గాజు తొట్టే అని నేను అనుకున్నాను, ఆయనా అనుకున్నాడు. కాని ఆ చేపల దుకాణం వాడు తెల్లకాగితం మీద రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాడు, ఒకటి మందపాటి గాజు, ఒకటి అక్రిలిక్, అంటే అద్దంలాంటి ప్లాస్టిక్. గాజు ముక్కలోంచి కాగితం కొంచెం పచ్చగా కనబడింది. మందం పెరిగిన కొద్దీ గాజులో పచ్చదనం తేలుతుందని బావకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో ముక్కలోంచి కాగితం కాగితంలాగే ఉంది. బావ ఆ రెండో ముక్కని గోటితో కొట్టి చూశాడు. తర్వాత, "మనిషి పోయి తాకితే పలుగుతదా?" అని అడిగాడు. సుత్తి పెట్టి కొట్టినా పగలదన్నాడు వాడు. అక్క అప్పటికే చేతులు ముందుకు చాపుకుని నడుస్తోంది, రోజుకొకచోట తగిలించుకుంటోంది. "అయితే గిదే చేయి" అన్నాడు బావ. జీవితమంతా అద్దం అమ్ముకుని బతికిన మనిషి, తన ఇంటికి ప్లాస్టిక్ చేయించుకున్నాడు. మరకలు ఎట్లా తీయాలో, ఏ గుడ్డ వాడాలో ఆ దుకాణం వాడు ఏదో చెప్పబోయాడు. "తుడుసుడు నాకు నేర్పుతవా? ముప్పై ఏండ్ల సంది అదే పని నాది" అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను.

తొట్టిని దుప్పట్లలో చుట్టి వ్యానులో తెచ్చాం. ప్రజ్ఞాపూర్‌లో టీ తాగడానికి ఆపినప్పుడు బావ నా దగ్గరికొచ్చి మెల్లగా, "పిల్లా, మన దుకాణం ముందట నుంచి పోవద్దు, ఎనుక గల్లీల నుంచి పోదాం. ప్లాస్టిక్ తెచ్చిండంటే బజార్ల ఇజ్జత్ పోతది" అన్నాడు. అలాగే దొంగసరుకులా వెనక సందులోంచి దింపాం.

మొదటి నెల ఆ ఇంట్లో పండగ. ఏడు చేపలు, అన్నీ ఎర్రవే, అక్క చూపుకి అందేటంత పెద్దవి. కుర్చీ ముందుకు జరుపుకుని, ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చునేది. "గీ పెద్దది అచ్చం మా అత్త లెక్క నడుస్తది, ఎవ్వలకు జాగ ఇయ్యది" అనేది. బావ తల్లిని అంత మాటన్నా ఆయన మురిసిపోయేవాడు. బడి నుంచి రాగానే ఆ రోజు చేపల సంగతులన్నీ నాకు చెప్పేది. చెప్పడానికి సంగతులున్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఆ నెలరోజులూ చూశాను.

బావ రోజూ దుకాణానికి పోయేముందు తొట్టి తుడిచేవాడు. తడి పేపరు, సుద్దపొడి. లోపల నాచు పడితే గడ్డం బ్లేడుతో గీకేవాడు, అద్దం మీద అంటిన రంగు గీకినట్టు. మాకెవరికీ అందులో తప్పు కనబడలేదు. అద్దం మీద రేణువంత గీత పడని పని అది.

రెండో నెలలో కాబోలు, అక్క ఒక మధ్యాహ్నం, "ఇయ్యాల మబ్బు పట్టిందా చెల్లె?" అని అడిగింది. బయట ఎండ మండిపోతోంది. నేను లేదన్నాను. తర్వాత చేపల సంగతులు తగ్గాయి. ఎర్రదేదో కదులుతున్నట్టుంది అనేది, అదీ మానేసింది. కళ్లు ఇక వెళ్లిపోతున్నాయని ఆమె అనుకుంది, మేమూ అనుకున్నాం. బావ ఊరుకోలేకపోయాడు. పొద్దునొకసారి తుడిచేవాడు సాయంత్రం కూడా తుడవసాగాడు. ఆమెకు కనబడనికొద్దీ ఇంకా గట్టిగా రుద్దేవాడు. తొట్టి కొంచెం పాలిపోయినట్టు నాకూ అనిపించింది. ప్లాస్టిక్ గుణమే అంత అనుకుని ఊరుకున్నాను. ఈ ఒక్కటి ఇప్పటికీ నన్ను తింటుంది.

అట్లా నాలుగు నెలలు గడిచాయి. మిరుదొడ్డి నుంచి ఒక రైతు కిటికీల కొలతలు ఇవ్వడానికి ఇంటికొచ్చాడు. నీళ్లు తాగుతూ తొట్టి వంక చూసి, "ఏంది సేటూ, గిన్ని గీతలు పడ్డ డబ్బల చాపలెట్ల కనవడుతయి?" అన్నాడు. బావ నవ్వేశాడు. ఆ మనిషి వెళ్లాక మాత్రం తొట్టి దగ్గరికి వెళ్లి వేళ్లతో తడిమాడు. వెనక తలుపు తెరిచాడు. ఏటవాలు ఎండ లోపలికి వచ్చి పడింది. పలక నిండా గుండ్రటి సన్నగీతలు, ఆయన చెయ్యి తిరిగిన తీరులోనే, ఒకదాని మీద ఒకటి. వాటి వెనక చేపలు ఉట్టి ఎర్రటి మసక. బావ కళ్లజోడు పెట్టుకుని ఉంటే ఎప్పుడో కనబడేవేమో.

ఆయన అక్క కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాడు. "నీ కండ్లు కాదే, నేనే పాడు జేసిన. డబ్బ ఖరాబైంది, నీ కండ్లు మంచిగనే ఉన్నయి" అంటూ ఏడుస్తున్నాడు, మధ్యలో నవ్వుతున్నాడు. అక్క ఆయన తల మీద చెయ్యి వేసి కూర్చుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మా ముందు ఆయన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

గాజు తొట్టి ఆయనే స్వయంగా చేశాడు. మందపాటి పలకలు తెప్పించి, అంచులు నున్నగా సానబట్టి, జిగురుతో అతికించి, తిన్నా తినకపోయినా దాని దగ్గరే ఉన్నాడు. పచ్చదనం ఉంటే ఉండనీ అన్నాడు. జిగురు ఆరాక ముందు వట్టి నీళ్లు పోసి ఒకపూట చూడాలి, ఎక్కడైనా కారుతుందేమోనని. చేపలు వంటింట్లో ఇత్తడి గంగాళంలో ఉన్నాయి. నీళ్లు నింపిన చప్పుడు విని అక్క, గోడ పట్టుకుంటూ తనే వచ్చి కుర్చీలో కూర్చుంది. ముందుకు వంగింది. చేపలు ఇంకా వేయలేదని చెబుదామని నేను నోరు తెరిచాను.

"అబ్బ, ఎంత సాఫ్ కనవడుతున్నయి! ఆ పెద్దది ఇటే వస్తున్నది సూడు చెల్లె. ఇన్ని దినాలు డబ్బదే తప్పు, నా కండ్లయి కాదు" అంది అక్క.

బావ నావైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. ఆయన కళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం నిలబెట్టుకున్నాడు. "ఔనే, మస్తు ఉషారుగున్నయి" అన్నాడు. ఆమె పడుకున్నాక ఇద్దరం చెంబులతో ఒక్కొక్క చేపనే తెచ్చి చప్పుడు కాకుండా వదిలాం.

అక్క ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. రోజూ ఆ తొట్టి ముందు కూర్చుని చేపల కబుర్లు చెప్పేది, బావ రోజూ ఊకొట్టేవాడు. తన చేతుల వల్లే ఆమె చూపు వృథా పోయిందని ఆయన కుమిలిపోకూడదని ఆమె అట్లా చెప్పేదని ఆయనకీ తెలుసు. ఆమె పోయాక ఒకే ప్రశ్న నన్ను మళ్లీ మళ్లీ అడిగేవాడు: "పిల్లా, ఏ దినం దాక కనవడ్డదో ఏమో దానికి?" చూపు ఉన్న చివరి రోజులు ఎన్నో లెక్క తేలకుండానే ఆ గీతల వెనక అయిపోయాయి. తొట్టినైతే మార్చాం గాని, దాని ముందు ఆమె కూర్చున్న ఆ నాలుగు నెలల్ని ఆమెకు తిరిగి ఇవ్వడం ఎవరి చేతా కాలేదు.