పెట్టెల గది మళ్లీ బాత్రూమ్ అయింది

నాచారంలో మా కంపెనీకి నేను వీల్‌చైర్‌లో వెళ్తాను. నాలాంటివాళ్ల కోసం అక్కడ ఒక బాత్రూమ్ కట్టారు, తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ కూడా వేశారు. లోపల మాత్రం నిండా అట్టపెట్టెలు. స్టాఫ్ వాడే మిగతా బాత్రూముల తలుపులు ఇరుకు, నా బండి పట్టదు. అందుకే రెండేళ్లుగా డ్యూటీలో నీళ్లే తాగలేదు. పోయిన వారం మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో పడ్డాను.

ఈ రోజు పొద్దున నేరుగా మేనేజర్ గారి క్యాబిన్‌కు వెళ్లాను.

"పెట్టెలు పెట్టనీకి వేరే జాగ లేదమ్మా, జర ఓపిక పట్టు," అన్నాడాయన, ఎప్పటిలాగే.

"సరే సార్, పెట్టెలు ఆడనే ఉండనియ్యుండ్రి. మీ క్యాబిన్ల ఉన్న బాత్రూమ్ తలుపు వెడల్పుగున్నది, నా బండి మంచిగ పడ్తది. ఇయ్యాల్టి సంది గదే వాడుకుంట," అని చక్రాలు అటు తిప్పాను.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. గంటలో పెట్టెలన్నీ బయటికొచ్చాయి. శుభ్రం చేసే యాదమ్మక్క నేల కడిగి, తలుపు బార్లా తెరిచి, "పో బిడ్డా, ఇగ ఇది నీదే!" అంది. లోపల గడియ పెట్టుకుని, అవసరం లేకపోయినా ఇంకో ఐదు నిమిషాలు దర్జాగా కూర్చున్నాను.

రెండేళ్లు దొరకని జాగా గంటలో ఎక్కడ దొరికిందో నేనైతే అడగలేదు. మీ ఆఫీసులో కూడా ఆ బొమ్మ ఉన్న తలుపుంటే రేపు ఒకసారి తెరిచి చూడండి. లోపల ఏం కనిపించిందో కింద రాయండి.